నోటితో తొమ్మిది, రాస్తే మూడు: తెలివి ఉండీ రాతలో తడబడే పిల్లలకు క్లాసులో ఏం చేయాలి

"మేడం, మా ఏడో తరగతిలో ఒక పిల్లాడున్నాడు. పాఠం సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తాడు. పేపర్ దిద్దితే ఇరవైకి నాలుగు. వీడిని ఏమనుకోవాలి?"

ట్రైనింగులకు వెళ్లినా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో కూర్చున్నా ఎవరో ఒక టీచర్ నన్ను ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఒక్కోసారి పిల్లాడికి బదులు ఆడపిల్ల, సైన్సుకు బదులు లెక్కలు. ప్రశ్న మాత్రం అదే. ప్రతిసారీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే వరసగా ఒకచోట రాస్తే మీకు పనికొస్తుందనిపించింది.

సిద్ధాంతం నాలుగు మాటల్లో చెప్పేస్తాను. మంచి తెలివి, అభ్యసన వైకల్యం రెండూ ఒకే పిల్లవాడిలో ఉండొచ్చు. చదవడంలో వచ్చే ఇబ్బందిని డిస్లెక్సియా అని, రాయడంలో డిస్‌గ్రాఫియా అని, అంకెల్లో డిస్కాల్క్యులియా అని అంటారు. ఇవి తెలివి తక్కువై వచ్చేవి కావు. కొందరు పిల్లలు తెలివితో ఇబ్బందిని కప్పుకుంటూ ఐదారు తరగతుల దాకా లాక్కొస్తారు. కొందరిలో ఇబ్బందే కనిపించి తెలివి మరుగున పడిపోతుంది. ఇంకొందరిలో రెండూ ఒకదాన్నొకటి కప్పేసి బొటాబొటి మార్కులతో "యావరేజ్" అనే ముద్ర పడుతుంది. మన చేతుల్లోంచి ఎక్కువగా జారిపోయేది ఈ చివరి రకమే.

ఇక నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. కింద చెప్పేదంతా దాని మీదే నడుస్తుంది. "ముందు రాత బాగుపడనీ, పెద్ద విషయాలు తర్వాత చూద్దాం" అని ఆగకండి. చేతికి సాయం, బుర్రకు మేత రెండూ ఒకే వారంలో మొదలవ్వాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీకోసం ఒక చిన్న నోట్‌బుక్. ఇది స్టాఫ్ రూమ్ బల్ల మీద వదిలేసేది కాదు, మీ బ్యాగులో ఉండాలి.
- స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్.
- పిల్లవాడి తరగతి పుస్తకాలు, ఒక తరగతి పైవి కూడా.
- లెక్కలకు గళ్ల పుస్తకం ఒకటి.
- పిల్లవాడి పాత స్లిప్ టెస్టులు, రఫ్ నోట్స్. ఫెయిర్ నోట్స్ పెద్దగా పనికిరావు, అది పక్కవాళ్లది చూసి ఎక్కించింది అయ్యుండొచ్చు.
- హెచ్.ఎం.కు ఒక మాట, ఇంకో సబ్జెక్టు టీచర్ ఒకరి తోడు.
- కనీసం ఆరు వారాల సమయం.

1. ముందు కళ్లు, చెవులు చూపించండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. బోర్డు మీది అక్షరాలు కనిపించక తప్పులు రాసే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. స్కూలుకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందానికి చూపించండి, లేదా ఇంట్లోవాళ్లను దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. కళ్లద్దాలు పెట్టాక రాత మారిపోతే అంతటితో పని అయిపోయింది. మారకపోతే రెండో మెట్టుకు రండి.

2. నోటికీ రాతకీ ఉన్న తేడాను అంకెల్లో కొలవండి

"తెలివైనవాడే గానీ రాయడు" అనే మాట ఎవరినీ కదిలించదు. అంకె కదిలిస్తుంది.

ఇప్పుడే పూర్తయిన పాఠం ఒకటి తీసుకోండి. ఐదు ప్రశ్నలు తయారు చేసుకోండి. రెండు తెలిసింది చెప్పేవి, మూడు "ఎందుకు", "ఇలా కాకపోతే ఏమవుతుంది" అని అడిగేవి. ఇంటర్వెల్‌లో పిల్లవాడిని పిలిచి నోటితో అడగండి, పదికి మార్కులు వేయండి. మర్నాడు అవే ప్రశ్నలు కాగితం మీద ఇవ్వండి, మళ్లీ పదికి వేయండి. నోటిది ముందు పెట్టడంలో ఒక కిటుకు ఉంది. ఒకసారి చెప్పిన జవాబే కాబట్టి రాత తేలికవ్వాలి. అయినా తొమ్మిది కాస్తా మూడుకు పడిపోతే అనుమానం బలపడినట్టే.

ఇదే పని ఇంకో ఇద్దరు పిల్లలకూ చేయండి. రాస్తే ఎవరికైనా ఒకటో రెండో తగ్గుతాయి, ఆ మామూలు తేడా ఎంతో మీకు తెలియాలి. కనీసం రెండు సబ్జెక్టుల్లో కొలవండి. తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ పేజీ తర్వాత అమ్మానాన్నలకూ డాక్టరుకూ చూపించడానికి పనికొస్తుంది.

జాగ్రత్త: మీకు నచ్చిన జవాబు రాబట్టడానికి నోటి పరీక్షలో అందించకండి. "ఇంకా?" అనే ఒక్క మాటకు మించి వద్దు.

3. ఎక్కడ తెగుతోందో వెతకండి

తేడా ఉందని తేలింది. ఇప్పుడు తీగ ఎక్కడ తెగిందో చూడాలి. నిజానికి సగం పని ఇక్కడే ఉంది, తొందర పడకండి. రోజుకు పది నిమిషాల చొప్పున ఒక వారం పడుతుంది.

చదవడం. తెలుగు పేరా ఒకటి ఇచ్చి ఒక నిమిషం గట్టిగా చదివించండి, సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టండి. ఇంగ్లిష్‌లోనూ అలాగే. తర్వాత అర్థం లేని పదాలు కొన్ని రాసి ఇవ్వండి: గిమటు, తొలాపి, బ్రేసకు, చందుప్రెల, ష్మూడిత. తెలివైన పిల్లలు మొదటి అక్షరం చూసి మిగతా పదాన్ని ఊహించి చదివేస్తారు. ఆ ఊహ ఎంత బాగా పనిచేస్తుందంటే నాలుగైదేళ్లు మనల్ని నమ్మించగలరు. అర్థం లేని పదంలో ఊహకు చోటుండదు, ఉన్న అక్షరమే చదవాలి. ఒత్తు దగ్గర ఆగిపోయారా, ధ-థ, ప-ఫ, మ-వు తారుమారయ్యాయా, దీర్ఘం మింగేశారా, అన్నీ రాసుకోండి. చివరగా పై తరగతి పేరా ఒకటి మీరే చదివి వినిపించి ప్రశ్నలు అడగండి. తాను చదివితే అర్థంకానిది మీరు చదివితే ఇట్టే అర్థమైతే ఇబ్బంది చదవడంలో ఉంది, అర్థం చేసుకోవడంలో కాదు.

రాయడం. బోర్డు మీది రెండు వాక్యాలు చూసి రాయమనండి. మర్నాడు రెండు వాక్యాలు చెప్పి రాయించండి. మూడోరోజు సొంతంగా నాలుగు వాక్యాలు రాయమనండి. చూసి రాయడానికే చెయ్యి నొప్పెడుతుంటే, అక్షరాలు గీత దాటుతుంటే ఇబ్బంది చేతి కదలికలో ఉంది. చూసి బాగా రాసి, చెబితే తప్పులు రాస్తే ధ్వనిని అక్షరంగా మార్చడంలో ఉంది. రెండూ బాగుండి సొంతంగా రాసేటప్పుడు ఒక వాక్యం దగ్గరే ఆగిపోతే ఆలోచనలను వరసలో పెట్టడంలో ఉంది. ఈ మూడింటికీ మందు వేరు. కాపీ రైటింగ్ పుస్తకం పనికొచ్చేది మొదటిదానికి మాత్రమే, అదీ కొంతవరకే.

లెక్కలు. ఎక్కాలు రాని పిల్లవాడు పజిల్ విప్పుతాడు. మనం నమ్మం గానీ అది జరుగుతుంది. "జవాబు ఎలా వచ్చింది, చెప్పు" అని అడగండి. దారి సరిగ్గా ఉండి అంకె తప్పితే ఒక రకం. ఒకట్ల కింద పదులు పడి కూడిక తప్పితే ఇంకో రకం, అది రాతకు సంబంధించింది.

ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక. మన ప్రభుత్వ బడుల్లో చాలామంది పిల్లలు ఈమధ్యే ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చారు. ఇంగ్లిష్‌లో మాత్రమే తడబడితే అది కొత్త భాష వల్ల కావచ్చు, వైకల్యం అనకండి. తెలుగులో కూడా ఇబ్బంది కనిపించాలి. అలాగని తెలుగులో తప్పుల్లేకుండా చదివితే ఏ ఇబ్బందీ లేదని వదిలేయకండి. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు గట్టిది కాబట్టి పిల్లలు కూడబలుక్కుని చదివేస్తారు. అక్కడ తప్పులకంటే వేగం చూడాలి.

ఎన్‌సీఈఆర్‌టీ (పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో టీచర్లు నింపే చెక్‌లిస్టు ఉంది. మొదటి భాగం మామూలు టీచర్లకు, రెండో భాగం ప్రత్యేక విద్య టీచర్లకు. నింపండి, మంచిదే. కానీ అది అనుమానం చెప్పే సాధనం. అది చూసి "వీడికి డిస్లెక్సియా" అని మనం ముద్ర వేయకూడదు.

4. పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడండి

అందరిముందూ వద్దు. మరో టీచరు ముందు కూడా వద్దు. నేను మొదట అడిగేది ఇదే: "నీకు తెలిసినదంతా కాగితం మీదికి రావట్లేదు కదా?" చాలామంది ఒక్క క్షణం తల ఎత్తి చూస్తారు. ఏళ్ల తరబడి "బద్ధకం" అని విన్న చెవులకు ఇది కొత్త మాట. ఒక అమ్మాయి నాతో, "నాకు తెలుసు మేడం, రాసేటప్పటికి పోతుంది" అంది. అంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు.

ఆ తర్వాత రెండు అడగండి. స్కూల్లో ఏ పని చేస్తే టైమే తెలియదు? ఏ పని అంటే కడుపులో తిప్పుతుంది? రెండు జవాబులూ ఆ పిల్లవాడి మాటల్లోనే రాసుకోండి.

ఆడపిల్లల విషయంలో ఇంకాస్త కళ్లు తెరిచి చూడాలి. నోట్స్ శుభ్రంగా ఉంటుంది, అల్లరి ఉండదు, జవాబు మాత్రం రెండు లైన్లు. అల్లరి చేసే పిల్లాడు మన కంట పడతాడు, ఈ అమ్మాయి పడదు.

5. విషయం లోపలికి వెళ్లే దారి మార్చండి

విషయం తగ్గించకండి, దారి మాత్రమే మార్చండి.

- ఏపీ, తెలంగాణ పుస్తకాల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్ ఉన్నవి మీ దగ్గరుంటే ముందు తెలుగు పేజీ, తర్వాత ఇంగ్లిష్ పేజీ చదివించండి.
- పాఠంలోని క్యూఆర్ కోడ్ ద్వారా దీక్ష (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) వీడియో ముందురోజే చూడమనండి.
- ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే గూగుల్ లెన్స్‌తో పేజీని ఫోటో తీసి వినొచ్చు. తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ అంత బాగుండకపోయినా పని జరుగుతుంది.
- ఫోన్ లేకపోతే పక్క పిల్లవాడు గట్టిగా చదువుతాడు, ఇద్దరూ కలిసి జవాబు వెతుకుతారు. నా అనుభవంలో ఈ పద్ధతే ఎక్కువ రోజులు నిలబడింది.
- బోర్డు మీది నోట్స్ ఎక్కించుకునే పని నుంచి మినహాయించండి. స్నేహితుడి నోట్స్ జిరాక్స్ చాలు. మిగిలిన టైములో వింటాడు.
- ఒకసారి ఒకే సూచన. "పుస్తకం తీసి నలభై రెండో పేజీలో మూడో లెక్క చేసి పక్కవాళ్లతో సరిచూసుకోండి" అంటే ఈ పిల్లల దగ్గర మొదటి ముక్కే మిగులుతుంది.

6. జవాబు బయటికి వచ్చే దారి మార్చండి

యాభై మంది ఉన్న క్లాసులో ఒక్కడికే వేరే పద్ధతి పెడితే వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. అందుకని ఎంపిక అందరికీ ఇవ్వండి: "ఈ ప్రశ్నకు రాయొచ్చు, బొమ్మ గీసి భాగాలు గుర్తించొచ్చు, లేదా నా దగ్గరికి వచ్చి చెప్పొచ్చు." మొదటి వారం క్లాసంతా చెప్పడానికే వస్తారు, గోల గోలగా ఉంటుంది. కంగారు పడకండి. రెండో వారానికి రాయడం తేలికైనవాళ్లు రాతకే వెళ్లిపోతారు.

ఫార్మేటివ్ పరీక్షల్లో (ఏడాది మధ్యలో మనమే పెట్టే చిన్న పరీక్షలు) మనకు చాలా వెసులుబాటు ఉంది, మనం వాడుకోం. ప్రాజెక్టు పని నోటితో సమర్పించడానికీ, నమూనా చేసి చూపించడానికీ ఎవరూ అడ్డు చెప్పరు. స్లిప్ టెస్టు దిద్దేటప్పుడు విషయానికి వేరుగా, అక్షరదోషాలకు వేరుగా చూడండి. సైన్సు పేపర్లో కిరణజన్య సంయోగక్రియ అనే మాటలో ఒత్తు తప్పితే మార్కు కోయాల్సిన పనిలేదు. ఆ పని తెలుగు పేపర్ చూసుకుంటుంది.

లెక్కలకు గళ్ల పుస్తకం, ఒక గడికి ఒక అంకె. అది లేకపోతే మామూలు గీతల పుస్తకాన్ని అడ్డంగా తిప్పండి. గీతలు నిలువు వరసలైపోతాయి, ఒకట్లు ఒకట్ల కిందే పడతాయి. ఖర్చు లేని ఈ కిటుకుతోనే కొందరు పిల్లల కూడికలు సగానికి సగం సర్దుకోవడం చూశాను.

ఎక్కాల పట్టీని బల్ల మీద పెట్టుకోనివ్వండి. మీరు పరీక్షిస్తున్నది ఎక్కాలను కానప్పుడు పట్టీ చూడటం కాపీ కిందకు రాదు.

పెద్ద జవాబులకు ముందు నోటితో చెప్పించి, మాటకో ముక్క చొప్పున నాలుగు ముక్కలు రాసుకోమనండి, ఆ నాలుగింటినీ నాలుగు వాక్యాలు చేయమనండి. ఫోన్ ఉంటే జీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెబితే టైప్ అవుతుంది. ఇంట్లో ప్రాజెక్టు రాసుకోవడానికి అది చాలు.

7. బుర్రకు తగిన పని పెట్టండి

అందరూ వాయిదా వేసేది దీన్నే. నన్నడిగితే ముందు మొదలుపెట్టాల్సిందీ ఇదే.

అభ్యాసంలో ఇరవై లెక్కలుంటే చివరి ఐదు కష్టమైనవి ముందు ఇవ్వండి. నాలుగు వస్తే మిగతా పదిహేను చేయనక్కర్లేదు. ఆ మిగిలిన టైములో ఇంకో పని ఉండాలి, అది నిజంగా పెద్దది కావాలి. జెండా స్తంభం ఎక్కకుండా దాని ఎత్తు నీడతో కనుక్కోమనండి. ఊరి చెరువు నీళ్లు వేసవికి ఎన్ని నెలలు ఆగుతాయో పెద్దవాళ్లను అడిగి లెక్క కట్టమనండి. మధ్యాహ్న భోజనంలో వారానికి ఎంత అన్నం పారేస్తున్నామో తూచి పట్టిక వేయమనండి. వివరాలు సేకరించేది, ఆలోచించేది, క్లాసుకు చెప్పేది ఆ పిల్లవాడు. రాసిపెట్టేది ఇంకొకరు.

పిల్లల సొంత సైన్సు ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఆలోచనలు పంపేటప్పుడు రాత బాగున్నవాళ్లనే వెతక్కండి. ఎంపికైన ఆలోచనకు పది వేల రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. అక్కడ కావాల్సింది ఆలోచన, దస్తూరీ కాదు. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. అందులో మానసిక సామర్థ్య పరీక్ష 90 ప్రశ్నలు, సబ్జెక్టు పరీక్ష 90 ప్రశ్నలు, అన్నీ బిట్లే. పెద్ద రాత లేదు కాబట్టి ఈ పిల్లలకు సరిపోతుంది. చిక్కు జవాబుల గుండ్రాలు నింపే ఓఎంఆర్ షీటు దగ్గర వస్తుంది. ఒక వరస జారితే తర్వాతివన్నీ జారిపోతాయి. వరస కింద కాగితం పట్టీ పెట్టుకుని నింపడం, పదేసి ప్రశ్నలకు ఒకసారి నంబరు సరిచూసుకోవడం రెండు నెలల ముందు నుంచే అలవాటు చేయండి.

హెచ్చరిక: ఇది అదనపు పని కాకూడదు. ఇరవై లెక్కలూ చేసి, ప్రాజెక్టూ చేయమంటే తెలివికి శిక్ష వేసినట్టవుతుంది.

8. తడబడే చోట రోజూ పదిహేను నిమిషాలు సూటిగా నేర్పండి

దారి మార్చడమంటే చదవడం, రాయడం మానేయమని కాదు. మూడో మెట్టులో తీగ ఎక్కడ తెగిందని కనుక్కున్నారో అక్కడే, రోజూ, కొద్దిగా నేర్పాలి. ఒత్తుల దగ్గర ఇబ్బంది ఉంటే వారానికి రెండు ఒత్తులే తీసుకోండి. పదాన్ని పలికించి, చప్పట్లతో విడగొట్టించి, ఇసుకలోనో పలక మీదో పెద్దగా రాయించి, తర్వాత పుస్తకంలోకి రండి. కన్ను, చెవి, చెయ్యి మూడూ కలిసి పనిచేయాలి. పదాలు మాత్రం వయసుకు తగ్గవి కావాలి. చంద్రయాన్ గురించి మాట్లాడే పిల్లాడి చేత "అల, వల, తల" చదివిస్తే మర్నాటి నుంచి మన దగ్గరికి రాడు. "ఉపగ్రహం, కక్ష్య, గురుత్వం" అనే మాటలతోనే ఒత్తులు నేర్పొచ్చు.

9. ఇంటివాళ్లతో మాట్లాడి పరీక్ష చేయించండి

పేరెంట్స్ మీటింగులో అందరిముందూ ఎత్తకండి. విడిగా పిలిచి, ముందు పిల్లవాడు చేసిన గొప్ప పని ఒకటి చూపించండి. తర్వాత రెండో మెట్టు పేజీ తీయండి: "అమ్మా, నోటితో అడిగితే తొమ్మిది, రాస్తే మూడు. తెలివి లేక కాదు, కొట్టొద్దు, తిట్టొద్దు. ఒకసారి చూపిద్దాం." వైకల్యం అనే మాట వినగానే కొందరు లేచి వెళ్లిపోతారు. ఆ రోజుకు వెళ్లనివ్వండి. నెలాగి మళ్లీ పిలవండి.

ఎక్కడికి వెళ్లాలి? మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం, అక్కడి ఐఈఆర్‌పీ (ప్రత్యేక విద్య) టీచరు మొదటి మెట్టు. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల ఇబ్బందులు చూసే డీఈఐసీ కేంద్రంలో పిల్లల డాక్టరు, సైకాలజిస్టు చూస్తారు. సర్టిఫికెట్ కావాలంటే స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కోసం దరఖాస్తు చేయాలి.

సైకాలజిస్టు ఇచ్చే రిపోర్టులో మొత్తం ఐక్యూ అనే ఒక్క అంకె చూసి ఆగిపోకండి. తర్కంలో చాలా ఎక్కువ, వేగంలో చాలా తక్కువ వచ్చిన పిల్లవాడికి రెండూ కలిసి మామూలు అంకె వస్తుంది. విడివిడి భాగాల్లో ఎంతెంత వచ్చిందో రాసివ్వమని అడగండి. మీ నోట్‌బుక్ పేజీల జిరాక్స్ కూడా పంపండి. క్లాసులో రోజూ జరిగేది గంటసేపు చూసిన వారికి కనబడదు.

10. పరీక్షల రాయితీల సంగతి ముందే చూడండి

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం కూడా ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులు చేయాలని 17వ సెక్షన్ చెబుతోంది. సీబీఎస్ఈలో మూడు గంటల పేపరుకు గంట అదనం. స్టేట్ బోర్డులో చదివే పిల్లలకు ఏ రాయితీకి ఏ కాగితం కావాలో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో అడిగి, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే సమయానికే అన్నీ సిద్ధం చేయండి. ఎనిమిదిలో మొదలుపెడితే పదికి చేతికొస్తాయి. హాల్ టికెట్లు వచ్చాక పరిగెత్తి లాభం లేదు.

రాసిపెట్టే మనిషి దొరికితే పనైపోయిందనుకోకండి. జవాబును వరసగా, కామాలు, కొత్త పేరాలు చెబుతూ, బొమ్మ ఎక్కడ ఏముండాలో చెబుతూ రాయించడం ఒక విద్య. కనీసం నాలుగు స్లిప్ టెస్టులు అలా రాయించి అలవాటు చేయాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఇంపోజిషన్. దీని గురించి నా సొంత తప్పే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడు త్రిభుజం అనే మాట తప్పు రాశాడని యాభైసార్లు రాయమన్నాను. రాసుకొచ్చాడు. మొదటి పది సరిగ్గా ఉన్నాయి, చూసి రాసినవి. అక్కడి నుంచి "త్రిబుజం" అని నలభైసార్లు. తప్పును నలభైసార్లు సాధన చేయించింది నేనే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇష్టమైనదాన్ని లాక్కోవడం. నోట్స్ పూర్తి కాలేదని సైన్స్ ఫెయిర్‌కు పంపకపోవడం, ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టి రాయించడం. వాడు నిలబడుతున్న ఒక్క మెట్టునూ మనమే తీసేస్తున్నాం. ఈ పొరపాటును ఎంత మంచి టీచర్లు చేయగా చూశానో చెప్పలేను.

ముందు చెప్పకుండా లేపి చదివించడం. చదివించాలనుకుంటే ఏ పేరాయో ముందురోజే చెప్పండి, ఇంట్లో చూసుకుని వస్తాడు.

వెనకబడిన గ్రూపులో వేసి వదిలేయడం. అక్కడి ఆలోచన స్థాయి వాడికి సరిపోదు, రెండు వారాల్లో అల్లరి మొదలవుతుంది. అప్పుడు ఇంకో ముద్ర పడుతుంది.

"నువ్వు జీనియస్‌వి" అని పదే పదే అనడం. మంచి మనసుతోనే అంటాం. రేపు పేపర్ మీద మూడు వచ్చినప్పుడు ఆ మాటే వాడిని గుచ్చుతుంది. "నీడతో ఎత్తు కనుక్కున్న పద్ధతి బాగుంది" అని చేసిన పనిని చెప్పండి.

మార్కులు పెరగ్గానే సాయం ఆపేయడం. కళ్లద్దాలు పెట్టాక బాగా కనిపిస్తోందని అద్దాలు తీసేస్తామా?

అక్కతోనో, తమ్ముడితోనో పోల్చడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

పని జరుగుతోందా లేదా ఎలా చూడాలి

మూడు వారాలకోసారి రెండో మెట్టు కొలత మళ్లీ పెట్టండి, కొత్త పాఠంతో. తేడా తగ్గాలి. ఎటువైపు నుంచి తగ్గిందో కూడా చూడండి. రాత మూడు నుంచి ఐదుకు పెరిగి నోటిది తొమ్మిదిలోనే ఉంటే మంచిది. నోటిది ఆరుకు పడిపోయి తేడా తగ్గితే పిల్లవాడు ఆసక్తి పోగొట్టుకుంటున్నాడని అర్థం. వెంటనే ఏడో మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఒక నిమిషం చదివింపు నెలకోసారి చాలు. అర్థం లేని పదాలు ప్రతిసారీ కొత్తవి రాయండి, పాతవి గుర్తుపెట్టుకుంటారు.

హాజరు పట్టీ తీసి పరీక్షల రోజుల్లో ఎన్నిసార్లు రాలేదో లెక్కపెట్టండి. స్లిప్ టెస్టు అనగానే కడుపునొప్పి వచ్చే పిల్లవాడికి ఆ నొప్పి తగ్గిందా అని ఇంట్లో అడగండి. క్లాసులో వారానికి ఎన్నిసార్లు చెయ్యెత్తాడో, ఎన్ని ప్రశ్నలు తానుగా అడిగాడో మీ నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకోండి. నాకు మార్కులకంటే ముందు కదిలేది ఈ గీతలే.

నోట్స్ అందంగా తయారైతే సంతోషించకండి, ఎవరు రాశారో ముందు చూడండి.

ఆరు వారాలైనా ఏమీ మారకపోతే ఒక్కసారికి ఒక్కటే మార్చండి. గళ్ల పుస్తకం, నోటి పరీక్ష, చదివి వినిపించే కొత్త జత అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి మార్చి మూడు వారాలు చూడండి, తర్వాత ఇంకోటి. అప్పటికీ కదలిక లేకపోతే మూడో మెట్టులో మనం తప్పు చోట వెతికామేమో మళ్లీ చూసుకోవాలి. ధ్యాస నిలవకపోవడం అనే ఇంకో ఇబ్బంది కూడా వీటితో కలిసి ఉండటం మామూలే, దాన్ని డాక్టరే తేల్చాలి.

ఏప్రిల్‌లో చేయాల్సిన పని ఒకటి మిగిలింది. పై తరగతి క్లాస్ టీచర్‌కు ఒక్క పేజీ రాసివ్వండి: నోటి మార్కు, రాత మార్కు, తీగ ఎక్కడ తెగుతోంది, ఏ రెండు కిటుకులు పనిచేశాయి, ఏది పనిచేయలేదు, పిల్లవాడికి ఏ పని చేస్తే టైము తెలియదు. రాసేముందు ఆ పేజీ పిల్లవాడికి చదివి వినిపించి, ఏమైనా మార్చాలా అని అడగండి. మార్చమన్నవి మార్చాకే ఇవ్వండి.